దుల్హన్ పాషా అద్దాల గది

బుధవారం, పొద్దున పదిన్నర. ఆ గడియ నాకు అప్పుడు తెలియదు. అప్పటికి నాకు గడియారం చూడడం రాదు, అంకెలూ రావు, అక్షరాలూ రావు. గోడ మీది పెద్ద గడియారాన్ని ఇద్దరు మనుషులు ఎత్తి కిందికి దించుతుంటే అది కొట్టుకోవడం ఆగిపోయింది. ఆగినప్పుడు ముళ్లు ఎట్లా ఉన్నాయో అట్లాగే నా కంట్లో ఉండిపోయాయి. పొడుగు ముల్లు నిట్టనిలువుగా కిందికి, పొట్టి ముల్లు ఎడమచేతి వైపు, పైకి. నలభై దాటాక తాండూరులో పెద్దవాళ్లకు చదువు చెప్పే బడికి పోతే, పంతులమ్మ నల్లబల్ల మీద గడియారం బొమ్మ గీసింది. ఆ రోజు ఇంటికి వచ్చి బొగ్గుతో బండ మీద నా గడియారం గీసుకుని లెక్కపెట్టాను. పదిన్నర. తేదీ మాత్రం ఇప్పటికీ తెలియదు. సీతాఫలాల కాలం, అంతే తెలుసు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం నా మనవడు. వాడికి పాత సామాను కొనే పిచ్చి. పట్నంలో ఎక్కడెక్కడో తిరిగి చీనా గిన్నెలు, రంగు అద్దాల సీసాలు తెచ్చి బీరువా నిండా పెట్టుకుంటాడు. పోయిన నెల వెడల్పు అంచు, సన్న నడుము ఉన్న నీలం అద్దపు పాత్ర ఒకటి తెచ్చి, అన్నం తినే బల్ల మధ్యలో పెట్టి, అందులో పూలు పెట్టాడు. వచ్చిన చుట్టాలందరూ చూసి బాగుందన్నారు. అది ఉగాల్దాన్. పాన్ నమిలి ఉమ్మే గిన్నె. ఆ మాట చెప్పాను. చుట్టాలు తినడం ఆపేశారు. నీకెట్లా తెలుసు నానమ్మా అని వాడు అడిగాడు. నేను అలాంటి దాంట్లో ఉమ్మాను కాబట్టి తెలుసన్నాను. అప్పటి నుంచి వాడు వదలడం లేదు. చెప్పి చెప్పి నోరు నొస్తోంది. రాసి పడేస్తే చదువుకుంటాడు.

నిజం చెప్పాలంటే నాకు వస్తువుల మీద ఓపిక లేదు. ఎంత తుడిచినా మళ్లీ దుమ్ము పడుతుంది. తుడిచిన చేతులు పోతాయి, అవి ఉంటాయి. ఎవరికి కావాలి?

నన్ను కన్నతండ్రి ధారూరు అవతలి పల్లెలో గొర్లు కాసేవాడు. నాకు ఆరేళ్లప్పుడు మంద వెంట పోయి చలిజ్వరం పట్టి చనిపోయాడు. అమ్మ చేతి గాజులు పగలగొట్టారు. ఒక ఏడాది మేనమామ ఇంట్లో ఉన్నాం. అత్త మమ్మల్ని తిట్టేది కాదు. మేం తింటుంటే చట్టిలోకి చూసేది. అది చాలు కదా. ఎవరో చెబితే వికారాబాదు వచ్చి, అనంతగిరి గుట్టల దిక్కు పోయే తోవలో ఉన్న ఒక బంగళాలో పనికి కుదిరాం. ఆ ఇంటావిడ అమ్మను పని వచ్చా అని అడగలేదు. చేతులు చూపించమంది. అమ్మ కొంగులోంచి చేతులు బయటికి తీసింది. మోచేతుల దాకా బోసి. సరే, ఉండు అంది.

ఆమెను అందరూ దుల్హన్ పాషా అనేవారు. దుల్హన్ అంటే పెళ్లికూతురు. కోడలుగా వచ్చిననాడు పెట్టిన పిలుపు, తల ముగ్గుబుట్ట అయినా, భర్త పోయినా మారలేదు. భర్త జాగీరుదారు. నిజాం రాజ్యంతో పాటు జాగీరు పోయింది, ఆయనా పోయాడు. పిల్లలు లేరు. పాషా, ఒక వంట తాత, ఒక గది నిండా అద్దాల సామాను మిగిలాయి. అదంతా ఆయన బతికినంత కాలం కూడబెట్టింది. చీనా పళ్లేలు, జపాను సీసాలు, ఫిరంగి దేశాల నుంచి వచ్చిన ఎర్ర, నీలం దీపాల బుడ్లు, పన్నీరు చల్లే పొడుగు మెడ గులాబ్‌దానీలు, వేలెడంత అత్తరు సీసాలు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. గాజులున్న ఆడది ఆ గదిలో అడుగు పెట్టొద్దు. ఎందుకంటే, పాషా కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమె చేతి గాజు తగిలి ఒక గులాబ్‌దానీ మూతి విరిగిందట. ఆయన కోప్పడలేదు. మూడు దినాలు మాట్లాడలేదు. ఆనాటి నుంచి పాషా ఆ గడప దాటలేదు. బయట కుర్చీ వేసుకుని లోపలికి చూసేది. ఆయన పోయాక ఆమె చేతులూ బోసిపోయాయి, అయినా దాటలేదు. మగవాళ్ల చెయ్యి మొరటు. మొగుడున్న ఆడది గాజులు తీయదు. కాబట్టి ఆ పని ముండమోసినవాళ్లకే. అట్లా దొరికింది మాకు కూడు.

మంగళవారం కడిగే రోజు. అమ్మ చెక్క తొట్టిలో అడుగున పాత బొంత మడిచి వేసి, గోరువెచ్చటి కుంకుడు రసం పోసేది. తొట్టిలో ఒకసారికి ఒకటే వస్తువు. రెండు పెడితే ఒకదానికొకటి తగులుతాయి. కడిగినదాన్ని ఎండుగడ్డి మీద బోర్లించి, ఆరాక మెత్తటి పాత ధోవతి ముక్కతో తుడిచేది. ఆ గదిలో చాలా రకాల వాసనలు కలిసి ఉండేవి. పాత అత్తరు, గడ్డి, కుంకుడు, పాషా నమిలే పాన్‌లోని లవంగం. అమ్మ ఆ గదిలో మాట్లాడేది కాదు. ఊపిరి కూడా మెల్లగా పీల్చేది. ఇంటి వెనుక మా కొట్టంలో రొట్టెలు కొట్టేటప్పుడు మాత్రం చప్పుడు ఇల్లంతా అదిరేది.

నేను ఊరికే ఉండేదాన్ని కాదు. ఎర్ర బుడ్డిని కంటికి పెట్టుకుని జామచెట్టు తగలబడుతోందని వంట తాతను కేకేసేదాన్ని. అత్తరు సీసాల మూతి మీద పెదవి పెట్టి ఊది రైలు కూత తీసేదాన్ని. సీతాఫలాల కాలంలో గుట్ట మీది నుంచి గంపలు గంపలు దిగేవి. నేను ఫలం తిని, గింజలు ఒక్కొక్కటే ఆ నీలం ఉగాల్దాన్‌లో ఉమ్మేదాన్ని. టింగుమని మోగేది. అంత మంచి చప్పుడు నేను మళ్లీ వినలేదు. అమ్మ చూసి వీపు పగలగొట్టేది, గింజలు ఏరి పారేసేది.

అన్నిటికంటే విలువైనది ఒక చీనా పళ్లెం. పచ్చి పెసల రంగు. పెద్దాయన రోజూ దాంట్లోనే తినేవాడట. విషం కలిపిన తిండి పెడితే ఆ పళ్లెం దానంతటదే పగిలిపోతుందని పాషా చెప్పింది. నేను నమ్మాను. అమ్మ నమ్మింది. పాషా కూడా నమ్మేది.

రెండో ఏడు సీతాఫలాలు పండేవేళకు మేనమామ వచ్చాడు. మా కులంలో మారుమనువు ఉంది. మేళం, పందిరి ఏమీ ఉండవు. చీర, గాజులు పెట్టి తీసుకుపోతారు. తాండూరులో ఒక మనిషి ఉన్నాడని చెప్పాడు. మా వాళ్లేనట. మంద చచ్చిపోతే గొర్లు విడిచి బండల గనిలో రాయి కొడుతున్నాడట. పెండ్లాం కాన్పులో పోయిందట. పిల్లను నేను జూస్కుంట, గొర్రెపిల్లల ఎంబడి ఉంటది అన్నాడు మేనమామ. ఆ పిల్లను నేనే. నేను తలుపు పక్కనే ఉన్నాను. నేను వినడం లేదన్నట్టు మాట్లాడుకున్నారు.

అమ్మ వద్దంది. మళ్లీ వచ్చినప్పుడూ వద్దంది.

"నేను వోతె ఈ అద్దాల సామాను ఎవలు జూస్తరు?"

"నీదా అది?" అన్నాడు మేనమామ.

 పోతూ పోతూ మేనమామ, తాండూరోడు ఇచ్చాడంటూ ఒక గుడ్డ మూట పెట్టి పోయాడు. అమ్మ దాన్ని జొన్నల కుండలో దాచింది. ఆమె నీళ్లకు పోయినప్పుడు నేను తీసి చూశాను. డజను ఆకుపచ్చ గాజులు, బెల్లం పల్లీల ఉండలు. గాజులు మళ్లీ మూటలో కుక్కాను. ఇక అమ్మ పోతుంది, నేను అత్త చట్టి ముందు కూర్చుంటాను.

నాకు తెలిసిన ఉపాయం ఒకటే. ఒక ఉండ తీసుకుపోయి ఆ చీనా పళ్లెంలో పెట్టాను. తాండూరోడు చెడ్డవాడైతే పళ్లెం పగలాలి. పగిలితే అమ్మకు చూపిస్తాను. గడప దగ్గర కూర్చుని మధ్యాహ్నం దాకా చూశాను. చీమలు పట్టాయి. పళ్లెం మాత్రం పగల్లేదు. ఒకటి సరిపోలేదేమో అని ఇంకో రెండు పెట్టాను. అమ్మ వచ్చి చీమలను చూసి చెంప మీద ఒకటిచ్చింది. ఎందుకు పెట్టావని అడిగింది. నేను చెప్పలేదు. ఆ పళ్లెం మీద నాకు అంత కోపం వచ్చింది.

మరుసటి రోజు పాషా దగ్గరికే పోయాను. వసారాలో మంచం మీద కూర్చుని పోకలు కత్తిరిస్తోంది. అమ్మ గాజులు దాచుకుంది, తాండూరోడు పంపించాడు, వేసుకుంటుంది అని చెప్పేశాను. వేసుకుంటానని అమ్మ అననే లేదు, అది నేను కలిపాను. పాషాకు కోపం రావాలి, అమ్మను పిలిచి తాండూరు మాట ఎత్తొద్దని గట్టిగా చెప్పాలి, అదీ నా ఆశ. అడకత్తెర ఆగింది. అంత మంచి సంబంధం వస్తే నీ అమ్మ ఇంకా ఎందుకు పోలేదు అని అడిగింది. అద్దాల సామాను ఎవరు చూస్తారని ఆగిందన్నాను. ఆ ముక్క మాత్రం నిజం.

"సామాను కోసమా," అంది పాషా. ఒక పోక కత్తిరించి మళ్లీ అదే మాట. "సామాను కోసమా."

తెల్లారి ఉర్దూలో ఒక ఉత్తరం రాసి, స్టేషను దగ్గర ఎర్ర డబ్బాలో వేసి రమ్మని నాకిచ్చింది. నేను ఉరుక్కుంటూ పోయాను. అది మేనమామకే అనుకున్నాను, ఇంక రావద్దని. అక్షరం ముక్క రాని దాన్ని, ఎటు తిప్పి చూసినా నాకు ఒకటే. డబ్బాలో వేసి, లోపల పడిన చప్పుడు కూడా విని వచ్చాను. అది పట్నంలో పాత సామాను కొనే సేటుకు రాసిన ఉత్తరం. ఆ గది ఖాళీ అయింది నా నోటి వల్ల, నా చేతి వల్ల. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

పది పన్నెండు రోజులకు సేటు వస్తున్నట్టు కబురు వచ్చింది. పాషా అమ్మను పిలిచి సామాను పోతోంది, నీకింక అడ్డం లేదు, నీ అన్నకు కూడా కబురు పంపాను అని చెప్పింది. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మంగళవారం ఎప్పటిలాగే ప్రతి వస్తువూ కడిగింది, తెల్లారితే ఇంకొకరివి అయ్యేవి అయినా.

బుధవారం పొద్దున్నే అమ్మ కొట్టంలో గోడ వైపు తిరిగి కూర్చుని, చేతులకు కుంకుడు నురగ రాసుకుని, ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటే ఎక్కించుకుంది. పనిచేసి చేతులు లావయ్యాయి. కణుపుల దగ్గర పట్టేసి, పెదవి కొరుక్కుంటూ తోసుకుంది. నేనేం కావాలె అని అడిగాను. అమ్మ ఇంకో గాజు అందుకుంది. ఆమెకూ తెలియదని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం నన్ను వదిలేసిందనే అనుకున్నాను.

సేటు ఇద్దరు మనుషులతో, చెక్క పెట్టెలతో వచ్చాడు. మేనమామ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. అతని పక్కన ఇంకొక మనిషి. పొట్టి, నల్లటివాడు. కనురెప్పల మీద కూడా రాతిపొడి. నేను చూశాను, చూడనట్టు మొఖం తిప్పుకున్నాను.

అమ్మ అద్దాల గది దాకా వచ్చి గడప బయటే ఆగిపోయింది. కుర్చీలో పాషా. లోపల సేటు ఎదురుచూస్తున్నాడు.

"రా, తీసియ్యి," అంది పాషా.

"చేతులకు ఉన్నయి పాషా."

పాషా ఆ చేతులను చూసింది. మొదటి రోజు చూసినట్టే, మోచేతుల దాకా చూసింది.

"ఉండనీ. ఇయ్యాల మోగనీ."

అని తానూ కుర్చీలోంచి లేచింది. అమ్మ భుజం పట్టుకుని గడప దాటింది. ఎన్ని ఏండ్లకో నాకు తెలియదు. ఇద్దరూ లోపలికి పోయారు. అమ్మ ఒక్కొక్కటే దించుతుంటే గాజులు గలగలమన్నాయి. ప్రతి గలగలకూ నేను కళ్లు మూసుకున్నాను. ఏదీ పగల్లేదు.

సేటు ఉగాల్దాన్ అందుకుని వెలుతురుకు పట్టి, బోర్లించి అడుగు చూశాడు. ఎండిపోయిన సీతాఫలం గింజ ఒకటి దొర్లి కింద పడింది. అందరూ నా దిక్కు చూశారు. దుల్హన్ పాషా నవ్వింది. నోట్లో పాన్ ఉండగా నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకు నవ్వడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత చీనా పళ్లేలు. సేటు మనుషులు పెట్టెలో గడ్డి పరిచి, ఒకదాని మీద ఒకటి రొట్టెల్లా పండబెడుతున్నారు. పైన ఆ పెసల రంగు పళ్లెం పెట్టబోతుంటే, గేటు దగ్గరి మనిషి నేరుగా గదిలోకి వచ్చేశాడు. కాళ్లకు దుమ్ము. మేనమామ వెనుక నుంచి అంగీ పట్టి లాగుతున్నాడు, అతను ఆగలేదు.

"అన్నా, పండవెట్టకుండ్రి. పలుగుతయి. అంచు మీద నిలవెట్టాలె."

నువ్వెవరివయ్యా అన్నాడు సేటు.

"రాయి గొట్టెటోన్ని. తాండూరు బండలు పండవెట్టి బండికెక్కిస్తె, మీద బరువు వడి నడుమకు పలుగుతయి. నిలవెడితె తన బరువు తానే మోసుకుంటది. ఇవి గూడ గంతే."

సేటు పక్కకు జరిగాడు. ఆ మనిషి వంగి, పెట్టెలో ఉన్నవన్నీ బయటికి తీశాడు. గడ్డిని తాడులా పేని, పళ్లెం నిలబెట్టి, గడ్డి, మళ్లీ పళ్లెం, మళ్లీ గడ్డి. అతని వేళ్లకు గోళ్లు సగమే ఉన్నాయి. మొరటు చెయ్యి అనుకున్నాం కదా. ఆ చేతిలో పళ్లెం ఒకసారీ చప్పుడు చేయలేదు. అమ్మ పని ఆపి చూస్తూ నిలబడింది. పాషా కూడా. ఆ పెసల రంగు పళ్లాన్ని అతను రెండు చేతులతో పట్టుకున్నప్పుడు నేను దాని వైపే చూశాను. అప్పుడూ పగల్లేదు.

ఇక గడియారం దించారు. అది ఆగిపోయింది. గదిలో ఏమీ మిగల్లేదు. మేనమామ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. నడువు, గొర్రెపిల్లలు నీకోసం ఎదురుజూస్తున్నయి అన్నాడు. అమ్మ నా దిక్కు ఒక అడుగు వేసింది. ఆ మనిషి చేతుల గడ్డి దులుపుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు.

"పిల్ల గూడ వస్తది బావా. టేషన్ల దిగంగనే టికెట్లు తీస్కున్న. రెండున్నర."

రొండిలోంచి మూడు అట్టముక్కలు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. ఒకదానికి మూల కత్తిరించి ఉంది. పిల్లల టికెట్టు.

"నాకు జెప్పకపోతివి," అన్నాడు మేనమామ.

"నువ్వు అడగకపోతివి."

మేనమామ నా చెయ్యి వదిలాడు.

రైలులో నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. బొగ్గుపొడి కళ్లలో పడింది, అందుకే నీళ్లు కారాయని చెప్పాను. కంది చేలు పూత మీద ఉన్నాయి. అమ్మ గాజుల చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏం చేయాలో తెలియనట్టు కూర్చుంది. 

తాండూరులో బతుకు మరీ గొప్పది కాదు. ఇంట్లో ఎక్కడ ముట్టుకున్నా రాతిపొడి. ఎంత తుడిచినా మళ్లీ పడేది. ఆయన మాటలో సగం కన్నడం. తక్కువ మాట్లాడేవాడు. నన్ను ఒక్కనాడు కొట్టలేదు. చట్టిలోకి ఎవరూ చూడలేదు. నా పెళ్లి చేశాడు, నా కాన్పులకు ఆస్పత్రి బయట కూర్చున్నాడు. నేను మాత్రం ఆయనను ఏ వరస పెట్టీ పిలవలేదు. అన్నం పెట్టాలంటే గిన్నె చప్పుడు చేసేదాన్ని, లేకపోతే అమ్మా, ఆయనకు చెప్పు అనేదాన్ని. మొదట పౌరుషం. తర్వాత అలవాటు. ఆ తర్వాత సిగ్గు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి దగ్గి దగ్గి పోయాడు. ఆఖరి వారం నేనే నీళ్లు తాగించాను. అప్పుడైనా పిలవొచ్చు. పిలవలేదు.

ఒకసారి మాత్రం అమ్మా నేనూ సీతాఫలాలు కొనే సాకు పెట్టి వికారాబాదు పోయాం. బంగళాకు తాళం. పాషాను పట్నంలో చుట్టాలెవరో తీసుకుపోయారన్నారు. అమ్మ గేటు పట్టుకుని కాసేపు నిలబడింది. గాజులు ఆ ఇనుప కమ్మీలకు తగిలి చప్పుడయ్యాయి. ఇక పోదాం అంది.

పెద్దవాళ్ల బడిలో అక్షరాలు కూడడం వచ్చిన రోజు, ఇంట్లోవాళ్లను పలక మీద రాయమంది పంతులమ్మ. అమ్మ అని రాశాను. బలపం అక్కడే ఆగిపోయింది. అరిగిపోయిందని చెప్పి లేచి వచ్చాను.

మనవడు తెచ్చిన ఉగాల్దాన్ ఆ ఇంటిదేనా అంటే, కాదు, అలాంటివి వంద ఉంటాయి. వాడు నమ్మకపోతే నమ్మకపోనీ. నాకు అలసటగా ఉంది, ముగిస్తున్నాను. ఆ బుధవారం పదిన్నరకు ఆ గదిలో ఉన్నవాళ్లను రాసి లేస్తాను. పేర్లు అక్కర్లేదు, ఎవరు ఎవరో రాస్తే చాలు.

పట్నం సేటు. గడియారం పట్టుకున్న అతని మనుషులు ఇద్దరు. గడప బయట వంట తాత. దుల్హన్ పాషా. మేనమామ. ఆకుపచ్చ గాజులతో అమ్మ. నేను. మా నాయిన.